ఓపెనరుగా పోనన్న యువకుడు

లక్ష్మణ్ అను పేరు వినగానే క్రికెట్టు తెలిసిన తెలుగువానికి మొదట స్ఫురించునది 2001 మార్చిలో కలకత్తా ఈడెన్ గార్డెన్సులో అతడు చేసిన 281 పరుగులు. ఆటను కొంచెము శ్రద్ధగా అనుసరించినవారు అంతకు ముందరి సంవత్సరము జనవరిలో సిడ్నీ మైదానమున చేసిన 167 పరుగులను కూడ తలచుకొందురు. ఈ రెండింటి నడుమ, ఏ స్కోరుబోర్డు మీదను నమోదు కాని కార్యమొకటి జరిగినది. ఇరువదియైదేండ్ల వయస్సులో, జట్టులో తన స్థానమింకను కుదుటపడని దశలో, ఇకపైన భారత జట్టుకు ఓపెనరుగా ఆడబోనని ఆ యువకుడు నిశ్చయించుకొని, ఆ నిశ్చయమును సెలక్టర్లకు తెలియజేసెను. జాతీయ జట్టు తలుపు ఏ సందు తెరచియున్నను అందులోనుండి దూరుటకు వేలమంది పిల్లలు కాచుకొనియుండు దేశములో, తెరచియున్న ఆ ఒక్క సందును తన చేతితోనే మూసివేసి, బయట నిలిచి వేచియుండుట సామాన్యమైన సాహసము కాదు. అతని తొలినాళ్ల చరిత్రలో ఈ నిరాకరణము ఆ రెండు ఇన్నింగ్సులతో సమానముగ లెక్కింపదగినదని నా అభిప్రాయము. దానిని గురించి ఇప్పుడు వ్రాయుటకు కారణము, మన ప్రాంతమునుండి మరల ఇద్దరు కుర్రవాండ్రు, ఒకడు హైదరాబాదువాడు, ఇంకొకడు విశాఖపట్నమువాడు, జాతీయ జట్టులోనికి వచ్చియుండగా, వారిని ఎన్నవ స్థానములో ఆడించవలెనను ప్రశ్న మన పత్రికలలో ఒక పక్కవార్తగా మాత్రమే వచ్చిపోవుచుండుట.

లక్ష్మణ్ 1974 నవంబరు 1న, తల్లియు తండ్రియు వైద్యులైన ఇంట పుట్టెను. మన మధ్యతరగతి కుటుంబములలో అట్టి బిడ్డ త్రోవ ఉయ్యాలలో ఉన్నప్పుడే నిర్ణయమైపోవును: పదవ తరగతిలో మంచి మార్కులు, ఇంటరులో బైపీసీ, ఎంట్రన్సు, ఎంబీబీయెస్సు, తరువాత నాన్నగారి పక్కనే మరియొక బోర్డు. చదువబ్బక ఆటలోనికి వచ్చినవాడు కాడతడు; చదువులోను ముందుండి, ఆ త్రోవ తన ముందు పరచియున్నను, దానిని విడిచి వచ్చినవాడు. హైదరాబాదు తరపున రంజీ ట్రోఫీలో మొదటి ఆట 1992-93 సీజనులో, పంజాబుపై క్వార్టరు ఫైనలు; చేసిన పరుగులు మొదటి ఇన్నింగ్సులో సున్న, రెండవదానిలో 17. ఆనాడు ఆ ఇంట ఎవరైనను మెల్లగా మెడికల్ సీటు మాట ఎత్తియుండినచో తప్పుపట్టజాలము. కాని 1994లో పందొమ్మిదేండ్లలోపు ఆస్ట్రేలియా జట్టు మన దేశమునకు వచ్చినప్పుడు, బ్రెట్ లీ, జేసన్ గిలెస్పీ వంటి భావి వీరులు వేసిన బంతులను ఎదుర్కొని పరుగులు చేసినవాడితడే. ఆ తరువాతి రెండు రంజీ సీజనులలో ధారాళముగ శతకములు చేసి, ఇక పేరు అడుగనవసరము లేనంతగా పైకివచ్చెను.

టెస్టు ఆటలో అతని అరంగేట్రము 1996 నవంబరులో అహమ్మదాబాదులో, దక్షిణాఫ్రికాపై. ఆ ఆటను జ్ఞాపకముంచుకొన్నవారు జవగళ్ శ్రీనాథ్ 21 పరుగులిచ్చి ఆరు వికెట్లు తీసి, దక్షిణాఫ్రికాను 105 పరుగులకే కూల్చుటను జ్ఞాపకముంచుకొనిరి, అది న్యాయమే. అయితే శ్రీనాథ్ చేతికి కాపాడుకొనదగిన లెక్క ఒకటి ఉండవలెను గదా. బంతి అడుగునకొక రీతిగ మెలికలు తిరుగుచున్న ఆ పిచ్‌పైన భారతజట్టు రెండవ ఇన్నింగ్సు 190 పరుగులకు ముగియగా, అందులో మధ్య వరుసలో వచ్చి, కింది వరుసవారిని వెంటబెట్టుకొని, 51 పరుగులు చేసినవాడీ కొత్త కుర్రవాడు. ఆట 64 పరుగుల తేడాతో మనకు దక్కినది. తోక వికెట్లతో కలిసి, ఒక పక్క జట్టు కూలుచుండగా, తొందరపడక పరుగులు కూడబెట్టుట అతని జీవితమంతటను కనబడు విద్య. దాని ఆనవాళ్లన్నియు ఆ మొదటి ఆటలోనే బయటపడినవి. చూడనేర్చిన కన్నులకు అంతకు మించిన సాక్ష్యము అక్కరలేదు.

కాని చూచువారి అవసరములు వేరుగానుండెను. అదే సంవత్సరము జూనులో లార్డ్సు మైదానమున సౌరవ్ గంగూలీ 131, రాహుల్ ద్రావిడ్ 95 పరుగులు చేసి జట్టులోనికి వచ్చిరి. టెండూల్కర్, అజారుద్దీన్ అప్పటికే ఉన్నవారు. మధ్య వరుసలో కాలుమోపుటకు చోటు లేదు. ఓపెనింగు జోడీ సంగతి చూడబోయిన, ఇంగ్లండు పర్యటన మధ్యలోనే సిద్ధూ అలిగి ఇంటికి రాగా, ప్రభాకర్ ఆటనుండి విరమింపగా, ఆ చోటు ధర్మసత్రము వలె నుండెను. వికెట్‌కీపరు నయన్ మోంగియా అక్టోబరులో ఢిల్లీలో ఆస్ట్రేలియాపై ఓపెనరుగా పోయి 152 చేసినందున, ఎవరిని పంపినను పని జరుగునను భ్రమ కూడ బలపడినది కాబోలు. కాబట్టి లక్ష్మణ్‌కు లభించిన అవకాశమేమనగా: జట్టులో ఉండవలెనన్న కొత్త బంతిని ఎదుర్కొనుము, లేనిచో హైదరాబాదు రైలెక్కుము. ఇది ఎవరో ఒక్కరి దుర్మార్గము కాదు. ఖాళీని చూచి మనిషిని నింపుట మన సకల కార్యాలయములకును అలవాటైన పద్ధతియే. వీణ నేర్చినవానిని కచేరీ నాడు మృదంగము ముందర కూర్చుండబెట్టి, రెండును సంగీతమే కదా యనుట ఎట్టిదో, ఇదియు నట్టిదే.

ఓపెనింగునకును మధ్య వరుసకును భేదమేమి, బంతి అదే, బ్యాటు అదే గదా యని అడుగువారున్నారు. ఓపెనరు తన జట్టు ఒకటిన్నర దినము మైదానములో నిలువుకాళ్లపైన గడపిన తరువాత, పది నిమిషముల వ్యవధిలో ప్యాడ్లు కట్టుకొని మరల లోనికి పోవలెను. బంతి క్రొత్తది, గట్టిది, కుట్టు నిటారుగానున్నది. ముగ్గురో నలుగురో స్లిప్పులలో చేతులు చాచి నిలిచియున్నారు. ఆ మొదటి గంటలో విడిచిపెట్టిన బంతి కొట్టిన బంతికన్న విలువైనది. ఆఫ్ స్టంపు ఎక్కడనున్నదో పాదములకే తెలిసియుండవలెను. ఇక లక్ష్మణ్ ఆటలోని సొంపు ఎక్కడిది? ఆఫ్ స్టంపునకు బయట పడిన బంతిని సయితము మణికట్టు చివరిక్షణమున త్రిప్పి మిడ్‌వికెట్ వైపునకు పంపుట, పాదము పెద్దగా కదలక పోయినను కన్నును చేయియు కలిసి ఆ లోటు తీర్చుట. బంతి పాతబడి, మెత్తబడి, దారి మార్చుట మానిన తరువాత ఆ విద్య ఎదుటి జట్టునకు నరకము చూపును. అదే విద్యను ఎనిమిదవ బంతికి, గాలిలో వంగుచున్న కొత్త ఎర్రబంతిపైన ప్రయోగించినచో, అంచు తగిలి రెండవ స్లిప్పులో తేలును. హైదరాబాదు బ్యాటింగునకు తరతరములుగ వచ్చుచున్న ఈ మణికట్టు సంపదను గురించి మనము కవిత్వము చెప్పుకొందుము గాని, అది ఏ వేళ బయటికి తీయవలసిన సొత్తో ఆలోచింపము. 1984-85లో ఇంగ్లండుపై కలకత్తాలో 110, మద్రాసులో 105, కాన్పూరులో 122 చేసి, మొదటి మూడు టెస్టులలోను శతకములు కొట్టిన అజారుద్దీన్ సంగతి చూడుడు. ఆ ఇరువదియొక్క ఏండ్ల బాలుని ఎవ్వరును గావస్కర్ పక్కన కొత్త బంతికి పంపలేదు; మధ్య వరుసలో విడిచిపెట్టిరి. పంపియుండినచో ఆ మూడు శతకములలో ఎన్ని మిగిలియుండెడివో నాకు సందేహమే.

మూడేండ్లపాటు లక్ష్మణ్ ఆ కొత్త బంతితో వేగెను. ఏమియు చేయలేదనుట అన్యాయము. 1997 మార్చిలో బార్బడోసులో 120 పరుగులు చేసిన గెలువగల ఆటలో భారతజట్టు 81కి కుప్పకూలినప్పుడు, రెండంకెల సంఖ్య చేరిన బ్యాట్స్‌మన్ ఇతడొక్కడే, అదియు 19. మరునటి సంవత్సరము కలకత్తాలో ఆస్ట్రేలియాపై సిద్ధూతో కలిసి మొదటి వికెట్టునకు 191 చేర్చి, తాను 95 వద్ద వెనుదిరిగెను. ఇట్టివి నడుమనడుమ మెరయుట, తరువాత నాలుగు ఇన్నింగ్సులు ఖాళీగా పోవుట, జట్టునుండి తొలగింపబడుట, మరల పిలుపు వచ్చుట, ఇది ఆనాటి క్రమము. ఇందులో మిక్కిలి క్రూరమైనదేమనగా, అతడు విఫలమైనప్పుడెల్ల ఓపెనరు విఫలమైనట్లు కాక లక్ష్మణ్ విఫలమైనట్లు వ్రాయుచుండిరి. మనమును, తెలుగు పత్రికలవారము, ఆ మాటనే తిరుగవ్రాయుచుంటిమి.

సిడ్నీ 167 ఈ కథకు అడ్డముగ నిలుచునని కొందరు వాదింతురు. నిజమే, అది ఓపెనరుగా చేసినదే. మెక్‌గ్రాత్, లీ, ఫ్లెమింగ్, వార్న్ వంటి బౌలర్లు. ఎదుటి జట్టు 552 పరుగులకు అయిదు వికెట్లే పోగొట్టుకొని డిక్లేరు చేసినది. మన మొదటి ఇన్నింగ్సు 150. ఆ స్థితిలో 198 బంతులలో 27 ఫోర్లతో 167 చేసెను. జట్టు మొత్తము 261. అనగా మిగిలిన పదిమందియు, ఎక్స్‌ట్రాలును కలిసి 94. ఆట ఇన్నింగ్సు, 141 పరుగుల తేడాతో ఓడిపోయితిమి. ఈ ఇన్నింగ్సును ఓపెనింగునకు ప్రమాణముగ చూపుట నాకెన్నడును సమ్మతము కాదు. ఆట ఎట్లును చేజారిపోయినది, పోగొట్టుకొనుటకేమియు మిగులలేదు; కావున అతడు ఓపెనరు కట్టుబాట్లన్నియు గట్టున పెట్టి, మధ్య వరుసలో ఆడు ఆటనే మొదటి బంతినుండి ఆడెను. మాటవరసకు ఓపెనరేకాని, ఆ ఇన్నింగ్సు స్వభావము వేరు. ప్రతి ఆటలోను అట్లాడుటకు ఏ కెప్టెనును అనుమతింపడు, ఏ అదృష్టమును సహకరింపదు. ఆ శతకము తరువాత సయితము అతని స్థానము నిలువకపోవుటయే ఇందుకు నిదర్శనము.

అప్పుడు వచ్చినది ఆ నిరాకరణము. అరంగేట్రము చేసి మూడేండ్లు దాటినది, శతకము ఒక్కటే, పేరు మీద ఇంకను ‘ఆశాజనకుడు’ అను విశేషణమే వ్రేలాడుచున్నది. ఆ విశేషణము ఒక వయస్సు దాటిన తరువాత పొగడ్త కాదు, వాయిదా నోటీసు. అట్టి వేళ ఉన్న ఒక్క దారిని మూసికొన్నవాని ముందర మిగిలినది రంజీ ట్రోఫీ మైదానములే. ఆ 1999-2000 రంజీ సీజనులో అతడు చేసినవి 1415 పరుగులు, ఎనిమిది శతకములు. ఏప్రిలులో బెంగుళూరులో కర్ణాటకపై సెమీఫైనలులో చేసినవి 353. ఒకే రంజీ సీజనులో అన్ని పరుగులు చేసినవాడు అంతకు ముందు లేడు. తరువాత రెండు దశాబ్దములకు పైగా గడచినను ఆ లెక్కను దాటినవాడును లేడు. సెలక్టర్ల గదిలో పలికిన మాటకు పూచీకత్తు ఆ పరుగులు. నోటితో కాదనుట, బ్యాటుతో ఎందుకు కాదో చెప్పుట రెండును చేసినందువలననే ఆ నిరాకరణము అలుకగా మిగిలిపోలేదు. ఇక్కడ హైదరాబాదు జట్టును కూడ స్మరింపవలెను. తన ఆటకు నప్పిన వరుసలో సీజను పొడవునను నిలిపి, అతనిని అతని ఆట ఆడనిచ్చినది ఆ జట్టు. (ఇదే జట్టులో 1994లో ఆంధ్రపై 366 పరుగులు చేసిన ఎం.వి. శ్రీధర్ భారతజట్టు టోపీ ఎన్నడును ధరింపలేదు. ఆ ఇన్నింగ్సులో హైదరాబాదు ఆరు వికెట్లకు 944 చేసినది. రంజీలో పరుగుల రాశి పోసినంత మాత్రమున పిలుపు వచ్చుననుకొనుట ఎంత పొరపాటో తెలియుటకు ఈ ఒక్క ఉదాహరణము చాలును. లక్ష్మణ్ ఈ సంగతి ఎరుగకయే ఆ పందెము కాయలేదు.)

ఈడెన్ కథ అందరును ఎరిగినదే గాన, ఇక్కడ కావలసినంత మేరకే చెప్పెదను. ఆస్ట్రేలియా 445కు బదులుగా మనవారు 171కి ఆలౌటయిరి. అందులో ఆరవ స్థానమున వచ్చిన లక్ష్మణ్ 59 చేసి చివరివాడుగ వెనుదిరిగెను. 274 పరుగుల వెనుకబాటు, ఫాలో ఆన్. అతడు ప్యాడ్లు విప్పబోవుచుండగా కోచ్ జాన్ రైట్ వలదని వారించి, ఈ పర్యాయము మూడవ స్థానమున పొమ్మనెను. ఆ మూడవ స్థానము ద్రావిడ్‌ది. ద్రావిడ్ ఆరునకు దిగవలసి వచ్చెను. నాలుగవ దినమంతయు, ఉదయము మొదలుకొని సాయంకాలము వరకు, ఆ ఇద్దరిలో ఒక్కరును ఔటు కాలేదు. ఆ దినమున వచ్చినవి 335 పరుగులు. వార్న్ లెగ్ స్టంపు బయటి గరుకులో వేసిన బంతిని, ఒక పర్యాయము ముందుకు ఉరికి ఎడమకు జరిగి కవర్స్ మీదుగా, మరు బంతినే, అదే చోట పడినదానిని మిడ్‌వికెట్ వైపునకు కొట్టుట చూచినవారు, ఒక మనిషి తనకు తగిన సమయమున, తనకు తగిన బంతిపైన ఆడిన ఎట్లుండునో చూచిరి. 452 బంతులు, 44 ఫోర్లు, 281. ద్రావిడ్ 180. జోడించినవి 376. చివరి దినమున హర్భజన్ బంతులకు ఆస్ట్రేలియా 212కి ముగియగా, 171 పరుగులతో గెలిచితిమి. ఈ కథలో నాకు ముఖ్యముగ తోచునది, లక్ష్మణ్‌కు చోటిచ్చుటకై ద్రావిడ్ వంటివాడు తన స్థానము విడిచిపోవలసి వచ్చినదనియు, విడిచినవాడు గొణుగక అక్కడకూడ 180 చేసెననియు. ఒకనికి తగిన స్థానమిచ్చుట అనగా ఇంకొకని స్థానము కదల్చుట. అందులో నొప్పి ఉన్నది, దానిని దాచుట న్యాయము కాదు.

సేవాగ్ మాట ఏమందురు? అను ప్రశ్న ఇప్పటికే పాఠకుల నాలుక చివరనుండును. బ్లూమ్‌ఫాంటీన్‌లో ఆరవ స్థానమున మొదటి టెస్టులోనే 105 చేసిన సేవాగ్‌ను 2002లో ఇంగ్లండులో ఓపెనరుగా పంపిరి; అతడు లార్డ్సులో 84, తరువాతి టెస్టులో నాటింగ్‌హాములో 106 చేసి, ఓపెనింగు శాస్త్రమునే తిరుగవ్రాసెను. రోహిత్ శర్మ కూడ, మన విశాఖపట్నములోనే, 2019 అక్టోబరులో టెస్టులలో మొదటిసారి ఓపెనరుగా దిగి దక్షిణాఫ్రికాపై 176, 127 చేసెను. ఇవి నా వాదమునకు విరుద్ధములని నేననుకొనను. రోహిత్ అప్పటికి ముప్పదిరెండేండ్లవాడు, ఒకదినపు ఆటలలో ఏండ్ల తరబడి ఓపెనరుగా పేరుమోసినవాడు. ప్రయోగమునకు గురియైన కుర్రవాడు కాడు. సేవాగ్ సంగతిలో కెప్టెన్ గంగూలీ ఒక హామీ ఇచ్చెను: కొన్ని ఇన్నింగ్సులు చూతము, పొసగనిచో జట్టునుండి తొలగింపక మధ్య వరుసలోనే మరల అవకాశమిత్తుమని. ఈ మాట సేవాగే పలుమారులు చెప్పియున్నాడు. ఆ హామీయే లక్ష్మణ్‌కు లేనిది. స్థానము మార్చుట దోషము కాదు. మార్చి, పడిపోయిన వెంటనే పడిపోయినవానిదే తప్పని కాగితము చింపివేయుట దోషము. హామీ లేని ప్రయోగము ప్రయోగశాలకును మేలు చేయదు.

తరువాతి తరములో మనవాడు హనుమ విహారి ఈ పాఠము వల్లెవేయవలసి వచ్చెను. కాకినాడలో పుట్టిన విహారి 2018 సెప్టెంబరులో లండనులోని ఓవల్ మైదానమున మొదటి టెస్టులో, మధ్య వరుసలో వచ్చి 56 చేసెను. అదే డిసెంబరులో, ఓపెనర్లిద్దరును పరుగులు చేయనందున, మెల్‌బోర్నులో బాక్సింగ్ డే నాడు ఇతనిని ఓపెనరుగా పంపిరి. అతడు 66 బంతులు నిలిచి 8 పరుగులు చేసెను. ఆ ఎనిమిదింటిని చూచి నవ్వినవారు, కొత్త బంతి మెరుగు తగ్గువరకు నిలిచి వెనుకవారికి దారి సుగమము చేసిన ఆ 66 బంతులను లెక్కింపలేదు. ఆ ఇన్నింగ్సులో మనవారు ఏడు వికెట్లకు 443 చేసిరి. మరునటి ఏడు కింగ్‌స్టనులో తన చోటికి తిరిగివచ్చి 111 చేసెను. 2021 జనవరిలో సిడ్నీలో, తొడ వెనుక కండరము పట్టివేసి పరుగెత్తజాలని స్థితిలో, అశ్విన్‌తో కలిసి 161 బంతులు ఆడి 23 పరుగులతో అజేయుడుగ నిలిచి, ఓడవలసిన ఆటను డ్రా చేసెను. ఆ తరువాత అతనిని మూడవ స్థానమునను నిలిపి చూచిరి. పదునారు టెస్టులతో ఆ అధ్యాయము 2022లో ఆగిపోయినది. అతని సగటు మహాద్భుతమని నేననను. కాని ఆరవ స్థానము, ఓపెనింగు, మూడవ స్థానము, అందులోను చాలమట్టుకు విదేశములలోనే, ఇట్లు త్రిప్పబడిన బ్యాట్స్‌మన్ సగటును, ఒకే చోట పాతుకొన్నవాని సగటుతో పక్కపక్కన పెట్టి తూచుట ఎట్టి త్రాసు? మణికట్టు విరిగినను ఆంధ్ర తరపున రంజీ క్వార్టరు ఫైనలులో ఎడమచేతివాటముగ నిలబడి ఒంటిచేతితో బ్యాటు ఊపినవాడతడు. పట్టుదల చాలక వెనుకబడెనని మాత్రము ఎవ్వరును అనలేరు.

ఇక ఇప్పటి కుర్రవాండ్రు. ఎలక్ట్రీషియన్ కుమారుడైన హైదరాబాదు కుర్రవాడు తిలక్ వర్మ 2024 నవంబరులో దక్షిణాఫ్రికా పర్యటనలో రెండవ టీ-ట్వెంటీ ముగిసిన తరువాత, కెప్టెన్ సూర్యకుమార్ యాదవ్ గదికి పోయి, మూడవ స్థానము తనకిమ్మని అడిగెను. అది సూర్యకుమార్ తాను ఆడుచున్న స్థానము. సూర్యకుమార్ వెంటనే విడిచెను. సెంచూరియనులో తిలక్ 56 బంతులలో 107 నాటౌట్. రెండు దినముల తరువాత జొహాన్నెస్‌బర్గులో 47 బంతులలో 120 నాటౌట్. మూడేండ్ల పాటు చెప్పలేక లోలోన కుమిలి, చివరకు వద్దని చెప్పవలసి వచ్చిన లక్ష్మణ్ కాలమునకును, ఇరువదిరెండేండ్ల బాలుడు తలుపు తట్టి నాకిది కావలెనని అడుగగలిగిన ఈ కాలమునకును ఎంత దూరమున్నదో ఈ ఒక్క సంఘటన చెప్పుచున్నది. పెద్దల ఎదుట నోరు మెదపకుండుటయే వినయమని పిల్లలకు నూరిపోసిన మన ఇండ్లకు ఆ తలుపు చప్పుడు కొంచెము కటువుగ వినిపించినను వినవలసినదే. 2025 సెప్టెంబరులో దుబాయిలో, ఆసియా కప్పు ఫైనలులో పాకిస్తానుపై 147 చేయవలసి, జట్టు 10 పరుగులకు రెండు వికెట్లు పోగొట్టుకొన్న వేళ క్రీజులోనికి వచ్చి, 69 పరుగులతో చివరివరకు నిలిచి గెలిపించినవాడును ఇతడే. తన ఆటకు ఏది తగునో తానెరిగిన కుర్రవాని మాటను వినుటవలన జట్టునకు నష్టము కలుగలేదు.

విశాఖపట్నమువాడైన నితీశ్ కుమార్ రెడ్డి సంగతి ఇంత సులభముగ తేలునది కాదు. అతడు పదునారేండ్లలోపు పిల్లల విజయ్ మర్చెంట్ ట్రోఫీలో 2017-18లో నాగాలాండుపై ఒకే ఇన్నింగ్సులో 441 చేసి, ఆ సీజను మొత్తము మీద 1237 పరుగులు చేసిన పై వరుస బ్యాట్స్‌మన్. బంతి కూడ వేయగలవాడగుట అతని భాగ్యమో దౌర్భాగ్యమో చెప్పలేను: ఆ బంతి వలననే జట్టులోనికి వచ్చెను, ఆ బంతి వలననే బ్యాటింగు వరుసలో కిందికి జారెను. 2024 డిసెంబరులో మెల్‌బోర్నులో ఎనిమిదవ స్థానమున వచ్చి, వాషింగ్టన్ సుందర్‌తో 127 జోడించి, తాను 99 వద్దనుండగా చివరివాడు సిరాజ్ కమిన్స్ బంతులు మూడింటిని గుండెలు అరచేత పెట్టుకొని ఆపగా, బోలండ్ బంతిని తలమీదుగా ఫోరు కొట్టి శతకము పూర్తిచేసెను. గ్యాలరీలో తండ్రి చేతులు జోడించి కన్నీరు కార్చుట దేశమంతయు టీవీలలో చూచినది. ఆ 114 పరుగులు చూచిన తరువాత, ఎనిమిదిలోనే ఇంత చేసినవాడు ఆరులో ఎంత చేయునోయని అడుగవలసిన పెద్దలు, ఎనిమిదిలో పనికివచ్చును గదాయని తృప్తిపడినట్లు నాకు తోచుచున్నది. రేపు జట్టులో అయిదవ చోట ఖాళీ వచ్చిన అయిదునకు, ఇంకొక పేసరు కావలసిన ఏడునకు, ఎవరును దొరకనిచో పైకి, ఇట్లు అతనిని కూడ ఖాళీల వెంబడి త్రిప్పుదురేమోయని నా భయము. అతడు బ్యాట్స్‌మనా, బౌలరా, రెండునా యనుటలో నిజమైన చిక్కున్నదని ఒప్పుకొందును. ఆ చిక్కు విప్పవలసినది ఆస్ట్రేలియాలోను ఇంగ్లండులోను, అయిదేసి టెస్టుల నడుమ కాదు. ఆంధ్ర జట్టులో, విశాఖలోను విజయనగరములోను జరుగు రంజీ ఆటలలో. భారతజట్టు పనులు లేని వారములలో అతనిని ఇంటి జట్టు నాలుగవ స్థానమునో అయిదవ స్థానమునో ఒక పూర్తి సీజను నిలిపి, రెండు సున్నలు వచ్చినను కదల్పక, ఎనుబది ఓవర్ల తరువాతి కొత్త బంతిని, మూడవ దినపు స్పిన్నును, ఇరువదికి మూడు వికెట్లు పోయిన ఉదయమును కూడ చూడనీయవలెను. బౌలింగు దినమునకు పది పన్నెండు ఓవర్లకు మించనీయరాదు. 1999-2000లో హైదరాబాదు జట్టు లక్ష్మణ్‌కు చేసినది ఇంతమాత్రమే. ఆంధ్ర క్రికెట్టు సంఘమునకు ఇది ఖర్చులేని పని, భారత బోర్డు అనుమతి అక్కరలేని పని, రాబోవు సీజను జట్టు పట్టిక వ్రాయునాడే చేయదగిన పని.